"మేడ వద్దు" అనే ముందు టేపు పట్టుకోండి

(ఒడిశాలోని పాత బరంపురంలో మా వీధి రామమందిరం మండపంలో జరిగిన సమావేశంలో, రిటైరైన భూగోళం మాస్టారు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లకి వినిపిస్తోందా? ఈ మైకు మీద నాకు పెద్ద నమ్మకం లేదు, వినిపించకపోతే చెయ్యెత్తండి. బయట మెట్ల మీద కూర్చున్న అప్పలూ, పిన్నులూ లోపలికి రండమ్మా, చాపలున్నాయి. మగవాళ్లే మాట్లాడేసుకుని లేచిపోతే రేపు ఇదే మీటింగు ప్రతి ఇంట్లోనూ మళ్లీ జరుగుతుంది.

సరే. విషయం అందరికీ తెలుసు. వీధి దక్షిణపు చివరనున్న పాత రైసుమిల్లు స్థలం అమ్ముడైపోయింది. అక్కడ అపార్టుమెంటు కడతారట. కింద పార్కింగు, పైన అయిదంతస్తులు, మొత్తం అరవై ఫ్లాట్లు. అప్పుడే గోడకి ఫ్లెక్సీ కట్టేశారు. అందులో ఈతకొలను ఉంది, లాన్ ఉంది, కుక్కపిల్లని పట్టుకుని ఓ తెల్లమ్మాయి నడుస్తోంది. ఆ అమ్మాయి మన వీధిలో అలా నడవాలంటే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పడుకున్న ఆంబోతు లేవాలి.

నవ్వండి, తప్పులేదు. కానీ మేడ కట్టొద్దని పోయిన వారం ఇంటింటికీ ఓ కాగితం తిరిగింది కదా, దాని గురించి మాట్లాడుకుందాం. ఎంతమంది సంతకం పెట్టారు? చేతులెత్తండి. అబ్బో, దాదాపు అందరూ. ఎంతమంది చదివి పెట్టారు? అదీ సంగతి. కాగితం ఒడియాలో ఉంది, మనలో అరవై దాటిన ఆడవాళ్లలో సగంమందికి ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఒకావిడ నా దగ్గరికొచ్చి, "ఏటి బాబూ, ఈదిలైట్ల కోసమని సంతకం ఎట్టీసినాను, మరి లైట్లెప్పుడేస్తారు?" అని అడిగింది. ఆవిడ తప్పేం లేదు. తెచ్చినవాళ్లు చదివి వినిపించలేదు.

నేను చదివాను. మొత్తం చదివాను. అందులో ఏముందో తెలుసా? "ఈ ప్రాంత సంస్కృతికి భంగం", "అపరిచిత వ్యక్తుల రాక", "శాంతికి విఘాతం". ఇవే. మూడు పేజీల నిండా ఇవే. నీళ్ల మాట ఒక్క లైను. కాలువ మాట లేనే లేదు. రోడ్డు వెడల్పు లేదు. ఎండ సంగతి అసలే లేదు. అలాంటి కాగితం పట్టుకెళ్లి డెవలప్‌మెంట్ అథారిటీ ఆఫీసులో ఇస్తే ఏం చేస్తారు? సీలు వేసి తీసుకుంటారు. అంతే. సంస్కృతి ఎన్ని అడుగుల్లో ఉందో కొలిచి చెప్పే ఇంజినీరు అక్కడ ఉండడు కదా.

ముందు ఈ "ఎవరొస్తారు" అనే మాట తేల్చేద్దాం, ఎందుకంటే వీధంతా దీని మీదే ఉడికిపోతోంది. సూరత్‌లో సంపాదించుకొచ్చినవాళ్లు కొనేస్తారట, మెడికల్ కాలేజీ కుర్రాళ్లు అద్దెకి దిగుతారట, ఏం తింటారో తెలీదట, ఏ కులమో తెలీదట. ఒకాయన నాతో గట్టిగానే అన్నాడు, "మాస్టారూ, మన వీధి మన వీధిలా ఉండదు" అని. నేను అడిగాను, నాయనా, సూరత్ వెళ్లని ఇల్లు మన వీధిలో ఎన్ని ఉన్నాయి? మీ తమ్ముడు ఎక్కడున్నాడు? మగ్గం మానేసి పవర్‌లూమ్ దగ్గర పన్నెండేసి గంటలు నిలబడి నాలుగు డబ్బులు దాచుకున్నవాడు సొంతూళ్లో ఇల్లు కొనుక్కుంటే అపరిచితుడైపోతాడా?

ఇంకో మాట. దేశీబెహరా వీధి వాళ్ల పెద్దలు రాజమండ్రి నుంచి వచ్చారని, మహురి రాజావారు పట్టునేత కోసం పిలిపించి ఇక్కడ పెట్టారని ఈ ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. మన అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర వచ్చినప్పుడల్లా ఆ కథ గర్వంగా చెప్పుకుంటాం. అంటే ఏమిటి? మనవాళ్లూ ఎవరో స్థలం చూపించి రమ్మంటే మూటాముల్లె కట్టుకుని వచ్చినవాళ్లే. అప్పుడు ఇక్కడున్నవాళ్లు కూడా, ఎవర్రా వీళ్లు, వీళ్ల భాషేమిటి, అనుకునే ఉంటారు. కాబట్టి ఆ మాట కాగితంలోంచి తీసేయాలి. సిగ్గుపడి కాదు, సిగ్గు ఎటూ పడాలి, దానివల్ల పని జరగదు కాబట్టి. ఆఫీసరు మొదటి పేజీలో ఆ మాట చూశాడంటే మిగతా పేజీలు తిప్పడు.

సరే, ఫ్లాట్లు కావాలనేవాళ్లు కూడా ఉన్నారు. ఇక్కడే కూర్చున్నారు, నోరు విప్పడం లేదు. నేను విప్పుతాను. మన ఇళ్లు చూడండి. ముందు అరుగు, తర్వాత గది వెనక గది రైలుపెట్టెల్లా, చివర పెరడు, బావి, వెనక సందు. పక్కింటికీ మనకీ ఒకటే గోడ. మా తాతల కాలంలో పద్నాలుగడుగుల వెడల్పు ఇల్లంటే బాగానే ఉండేది. ఇద్దరు అన్నదమ్ములు దాన్ని నిలువునా పంచుకున్నారనుకోండి, చెరో ఏడడుగులు. మధ్యలో గోడ కట్టాక ఆరున్నర. మంచం అడ్డంగా పడదు. ఒకరు బయటికెళ్లాలంటే ఇంకొకరు లేచి నిలబడాలి. అలాంటి ఇళ్లు మన వీధిలో నాకు తెలిసి చాలానే ఉన్నాయి, లెక్క చెప్పి ఎవరి పరువూ తీయను. ఆ ఇంటి కోడలు ఫ్లెక్సీ చూసి, రెండు గదులూ ఒక బాల్కనీ అని ఆశపడితే తప్పేంటి? మోకాళ్లు అరిగిపోయి మేడ మెట్లు ఎక్కలేని ముసలావిడ లిఫ్టు అంటే సంబరపడితే తప్పేంటి? నేను వాళ్లకి అడ్డం నిలబడను. ముందే చెప్తున్నాను.

అయితే మాస్టారు బిల్డరు పక్షమా? వెనక ఎవరో అన్నారు, విన్నాను. కాదు. ఇప్పుడు అసలు విషయానికొస్తున్నాను.

మన ఊరు బరంపురం, పట్టుచీరలకి ఎంత పేరో అప్పడాలకీ అంతే పేరు. మిల్లుకి ఉత్తరపు వరస, రైసుమిల్లు గోడకి ఆనుకున్న సందు దాటగానే వచ్చే ఆ నాలుగైదు ఇళ్లు, వాటి డాబాల మీదకి ఎప్పుడైనా పొద్దున్న పది గంటలకి ఎక్కి చూశారా? అడుగు పెట్టడానికి చోటుండదు. పాత చీరలు పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, వాటి మీద వరసగా అప్పడాలు. మినప్పిండి రాత్రే తడిపి, దంచి, పొద్దున్నే నలుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఒత్తుతారు. పది నుంచి రెండింటి దాకా తగిలే ఎండే వాళ్ల జీతం. ఆ ఎండ సరిగ్గా తగలకపోతే అప్పడం మెత్తబడుతుంది, డబ్బాలో పెడితే బూజు పడుతుంది, షాపువాడు తిప్పి పంపేస్తాడు. నష్టం ఒత్తినావిడదే.

ఇప్పుడు నా భూగోళం కాస్త వినండి, పరీక్ష పెట్టనులెండి. మన ఊరు పంతొమ్మిది డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి దిగిపోతాడు, మిట్టమధ్యాహ్నం కూడా నలభై ఏడు డిగ్రీల ఎత్తుకి మించి రాడు. అప్పుడు కింద పార్కింగుతో కలిపి ఈ మేడ 18 మీటర్లు ఉందనుకోండి, దాని నీడ ఉత్తరం వైపు 16, 17 మీటర్ల దూరం పడుతుంది. అడుగుల్లో యాభై పైనే. అది మధ్యాహ్నం పన్నెండింటి సంగతి. పదింటికి, రెండింటికి ఇంకా పొడుగు. మిల్లు గోడ నుంచి ఆ డాబాలకి ఎంత దూరం? టేపు పెట్టి చూశాం, యాభై అడుగులు లేదు. అంటే పెళ్లిళ్ల సీజన్‌లో, సంక్రాంతికి, అప్పడాలకి గిరాకీ బాగా ఉండే రోజుల్లోనే ఆ డాబాల మీద ఎండ పోతుంది. అదే జూన్‌లో అయితే సూర్యుడు మన నెత్తి దాటి కొంచెం ఉత్తరానికే వెళ్తాడు, మధ్యాహ్నం నీడ ఆ ఇళ్ల మీద అసలు పడదు. కాబట్టి వీధి మొత్తం చీకటైపోతుంది అని ఎవరైనా అంటే నమ్మకండి. అవతలి చివరనున్నవాళ్లకి ఎండ ఎక్కడికీ పోదు. పోయేది ఆ నాలుగైదు ఇళ్లకి. కానీ వాళ్లకి పోయేది కూడు.

ఈ ముక్క మీ మూడు పేజీల కాగితంలో ఎక్కడైనా ఉందా? ఆ ఇళ్లవాళ్లని ఎవరైనా అడిగారా? ఆ ఆడవాళ్లు కూడా అదే కాగితం మీద సంతకం పెట్టారు! వాళ్ల కష్టం ఒక్క అక్షరం లేని కాగితం మీద.

దీనికి మందు లేదా? ఉంది. మేడని దక్షిణపు హద్దు వైపు జరిపి, ఉత్తరం వైపు పార్కింగూ, ఖాళీ స్థలమూ వదిలితే, పై రెండంతస్తులు వెనక్కి తగ్గించి కడితే, నీడ చాలావరకు వాళ్ల స్థలంలోనే పడుతుంది. గీత గీసి చూపించొచ్చు. ఇది బిల్డరుకి ఖర్చే, కాదనను. కానీ అడిగితే కదా!

ఇక నీళ్లు. అరవై ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, అంటే 240 మంది. ఊళ్లకి నీటి లెక్క వేసేటప్పుడు మనిషికి రోజుకి 135 లీటర్లు అనుకుంటారు. గుణించండి. 32,400 లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లయితే ఆరు నిండా, ఏడోది సగం. ప్రతిరోజూ. ఋషికుల్య నది నీళ్లు తెచ్చాక మన కుళాయిలు మెరుగయ్యాయి, నిజమే, వేసవిలో బిందెల వరసలు తగ్గాయి, అయినా మే నెలలో ఎంతసేపు వస్తున్నాయో మీకు నేను చెప్పాలా? మరి ఆ 32,400 లీటర్లు ఎక్కడ్నుంచి? బోరు. ఎంత లోతు బోరు? మన బావుల పక్కనే కదా ఆ బోరు?

బావి అంటే కుర్రాళ్లు నవ్వుతున్నారు. 2013 గుర్తుందా? అక్టోబరు 12, దుర్గాష్టమి నాడు, ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి వీధిలో స్తంభం నిలబడి ఉంటే ఒట్టు. కరెంటు రోజుల తరబడి లేదు. మోటార్లు లేవు, కుళాయి లేదు. అప్పుడు వీధంతా ఎవరింటి పెరట్లో నీళ్లు తోడుకుంది? బావి పూడ్చేసి దాని మీద బాత్‌రూమ్ కట్టుకున్నవాళ్లు కూడా బిందె పట్టుకుని పక్కింటి గుమ్మంలో నిలబడ్డారు. అయిదో అంతస్తులో ఉన్నవాడికి అలాంటి రోజున లిఫ్టు ఉండదు, పంపు ఉండదు. వాడూ బిందె పట్టుకుని మన పెరట్లోకే వస్తాడు, రావాలి కూడా, పొమ్మంటామా? అప్పటికి మన బావిలో నీళ్లుండాలి కదా. అందుకని వాననీటిని భూమిలోకి ఇంకించే గుంతలు ప్లాన్‌లో ఎక్కడున్నాయి, ఎన్ని ఉన్నాయి, బోరు ఏ మూల వేస్తారు, ఇవి అడగాలి.

వాడిన నీళ్లలో వందకి ఎనభై వంతులు మురుగై బయటికొస్తాయి. రోజుకి దాదాపు 26,000 లీటర్లు. ఎక్కడికి? మన ముందున్న ఈ కాలువలోకా? దీని సంగతి మీకు తెలుసు. వాన గట్టిగా పడితే కాలువ నీళ్లు అరుగు మొదటి మెట్టు దాకా వస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మలుపులో అయితే రెండో మెట్టు దాకా. ఎందుకొస్తాయి?

ఇక్కడ మీకు కోపం వస్తుంది, రానివ్వండి. ఎందుకొస్తాయంటే కాలువ మీద మన మెట్లున్నాయి కాబట్టి. అరుగులు గదుల్లో కలిపేసుకుని, గదికి కొత్త మెట్లు కాలువ దాటించి రోడ్డు మీదకి దించాం. బైకు ఎక్కడానికి సిమెంటు ర్యాంపు. దాని మీద పూలకుండీ. కాలువ శుభ్రం చేయడానికి వచ్చినవాడి పార అందులోకి దూరదు. పైన మూడో అంతస్తు వేసుకున్నవాళ్లలో ఎంతమందికి పాసైన ప్లాన్ ఉంది? చెయ్యెత్తమని అడగనులెండి. కానీ బిల్డరు అడుగుతాడు. హియరింగులో వాడి లాయరు మన ఫోటోలు తీసి పెడతాడు, రోడ్డు ఇరుకైంది వీళ్లవల్లే అని. అప్పుడేం చెప్తాం?

రోడ్డు సంగతే చూద్దాం. నేనూ, మన వీధి డిప్లొమా చదివే కుర్రాడూ కలిసి టేపు పట్టుకుని మొత్తం కొలిచాం. వీధి మొదట్లో వెడల్పు బాగానే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మెట్టుకీ మెట్టుకీ మధ్య ఇరవై రెండు అడుగులు. ఇప్పుడు వినండి. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం 15 మీటర్లు, లేదా అంతకు మించి ఎత్తున్నది హైరైజ్. అలాంటి దానికి ముందున్న రోడ్డు కనీసం 12 మీటర్లు ఉండాలి, అంటే దాదాపు నలభై అడుగులు. ఫైరింజను రావాలి, తిరగాలి. మన రాష్ట్రానికి విడిగా 2020 రూల్సు ఉన్నాయి, వాటిలోనూ రోడ్డు వెడల్పుని బట్టే ఎంత కట్టనివ్వాలో తేలుతుంది. మరి ఈ మేడ ఎత్తెంత? అంతస్తుకి మూడు మీటర్లు చొప్పున అయిదంతస్తులకి 15. కింద పార్కింగు కలిపితే 18. పార్కింగుని లెక్కలో కలిపారా, తీసేశారా? కాగితం మీద 14.9 అని రాసుంటే నేనేం ఆశ్చర్యపోను. అందుకే ప్లాన్ కాపీ మన చేతిలో ఉండాలి. ఫ్లెక్సీ చూసి ఏడవడం కాదు, నవ్వడమూ కాదు.

కాపీ ఎలా వస్తుంది? సమాచార హక్కు చట్టం, 2005. ఫారం ఎ నింపి, పది రూపాయలు కట్టి డెవలప్‌మెంట్ అథారిటీలో ఇస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒడియాలో రాయండి, మన పిల్లలు ఒడియా మీడియంలోనే కదా చదివారు, ఇప్పుడు పనికొస్తుంది. రాసింది మాత్రం ఇక్కడ తెలుగులో చదివి వినిపించాకే ఎవరైనా సంతకం పెట్టాలి. ఇది నా షరతు.

ఇంకోటి, రెరా, అంటే బిల్డర్ల మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ సంస్థ. 500 చదరపు మీటర్ల కన్నా పెద్ద స్థలంలో ఎనిమిది కన్నా ఎక్కువ ఫ్లాట్లు కడుతుంటే 2016 చట్టం ప్రకారం రెరాలో రిజిస్టరు చేయించాలి. చేయించకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు డబ్బు తీసుకోకూడదు. ప్రకటన మీద ఆ రిజిస్ట్రేషన్ నంబరు వేయాలి. ఫ్లెక్సీ మీద నంబరు ఎక్కడుందో ఎవరైనా చూశారా? నేను కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను, నాకు కనబడలేదు. మన వీధిలోనే ఇద్దరు ముగ్గురు అడ్వాన్సు ఇచ్చేశారని విన్నాను. బాబూ, ఇచ్చినవాళ్లు ఎవరైనా సరే, రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి, ఇంకా ఇవ్వనివాళ్లు నంబరు చూపించమనండి. ఫ్లాటు కొనుక్కుంటున్నందుకు మిమ్మల్ని ఎవరూ వెలివేయరు. డబ్బు పోగొట్టుకుంటే మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు.

అద్దెలు పెరుగుతాయి, హోల్డింగ్ ట్యాక్స్, అదే ఇంటిపన్ను, పెరుగుతుంది అంటున్నారు. పెరగొచ్చు. ఇల్లున్నవాడికి ధర పెరిగిందని లోపల సంతోషమే, అద్దెకున్నవాడికే బాధ. అద్దెకున్నవాళ్లు ఈ మీటింగుకి ఎవరూ రాలేదు, మనమే పిలవలేదు.

కాబట్టి ఆ పాత కాగితం పక్కన పెట్టేద్దాం. కొత్తది నేను రాస్తాను, రెండు పేజీలు చాలు. మేడ ఉత్తరపు హద్దుకి ఎంత దూరం, డిసెంబరు నీడ ఎక్కడిదాకా, గీత గీసి జతపరుస్తాం. మురుగు ఎక్కడికి పోతుంది, ఎవరు శుద్ధి చేస్తారు. బోరు, ఇంకుడు గుంతలు. ఎత్తు, రోడ్డు వెడల్పు. ఇవి తేలకుండా అనుమతి ఇవ్వొద్దని అడుగుదాం. అయిదంతస్తులు నాలుగైతే మనకి చాలనుకునేవాళ్లు ఇక్కడ ఉన్నారని నాకు తెలుసు, అది కూడా రాద్దాం, దాచుకోవడమెందుకు? దాంతోపాటు, వచ్చే వానలకి ముందే కాలువ మీది మెట్లు మనమే వెనక్కి జరుపుకుంటామని వీధి తరఫున రాసిస్తే, అప్పుడు మన మాటకి కాస్త బరువుంటుంది. ఇది మీకు నచ్చదు. తెలుసు.

ఇంకో సాయం కావాలి. వెనక సందు ఎవరిదన్నది తేలాలి. బిల్డరు తన హద్దులో చూపిస్తున్నాడని విన్నాను. మన పెట్టెల్లో తాతల నాటి దస్తావేజులుంటాయి, 1936కి ముందు, మన గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్నప్పటివి. వాటిలో తూర్పు హద్దు ఫలానా, పడమర హద్దు ఫలానా అని రాసుంటుంది. సందు మాట అందులో ఉందేమో వెతకండి. అసలు బయటికి ఇవ్వకండి, ఫోటో తీసి పంపండి చాలు. చెదలు పట్టినవైనా సరే, చదివి పెడతాను.

నేను చెప్పాల్సింది అయిపోయింది. ఇక మీరు అడగండి. ముందు ఉత్తరపు వరస అప్పడాల ఇళ్లవాళ్లు మాట్లాడాలి, వాళ్లయ్యాకే మిగతావాళ్లు. ఇదిగో అప్పా, మైకు పుచ్చుకో. బావగారూ, మీరు చాలాసేపటి నుంచి చెయ్యెత్తుతున్నారు, చూశాను. పార్కింగు గురించే అయితే, ఆవిడ మాట్లాడేలోగా వెళ్లి గుమ్మానికి అడ్డంగా పెట్టిన మీ బొలెరో తీసి రండి, బయట ఎవరిదో ఆటో హారన్ కొడుతోంది.